సీసా మీది చీటీ: అనువాదం చాలని చోట

ఒక రసాయన పదార్థం కర్మాగారం గడప దాటినప్పుడు దానితో పాటు ఒక కాగితం కూడా బయలుదేరుతుంది. అది సీసాకు అంటించిన చీటీ కావచ్చు, మందు పెట్టెలో మడిచి పెట్టిన కరపత్రం కావచ్చు, గోనెసంచి మీద అచ్చు వేసిన నాలుగు వాక్యాలు కావచ్చు. లోపలి పదార్థం ఏ దేశానికి వెళ్ళినా మారదు. దాని ద్రవీభవన స్థానం హైదరాబాదులో ఒకటి, హ్యూస్టన్‌లో మరొకటి కాదు గదా! ఆ కాగితం మీది మాటలకు మాత్రం అంతటి స్థిరత్వం లేదు. సరిహద్దు దాటగానే కొన్ని మాటలు మూగబోతాయి. మరికొన్ని ఒక అర్థానికి బదులు ఇంకొక అర్థం చెబుతాయి. ఒక భాషలో సిద్ధమైన పాఠాన్ని వేరొక ప్రాంతపు వాడుకరికి పనికివచ్చేట్లు మలచడం సాహిత్యకారులకు, వ్యాపార ప్రకటనలు రాసేవారికి సంబంధించిన విషయమని చాలామంది భావిస్తారు. మందులు, విషాలు తయారు చేసే మా వృత్తిలో అది మోతాదుకు సంబంధించిన విషయం.

ఇందుకు చరిత్రలో అతి విషాదకరమైన ఉదాహరణ 1971లో ఇరాక్‌లో జరిగింది. పంటలు దెబ్బతిన్న తరువాత ఆ దేశ ప్రభుత్వం మెక్సికో నుంచి విత్తనపు గోధుమలను పెద్ద ఎత్తున దిగుమతి చేసుకున్నది. నేలలో బూజు పట్టకుండా ఆ విత్తనాలకు మిథైల్ మెర్క్యురీ అనే సేంద్రియ పాదరస సమ్మేళనాన్ని పట్టించారు. అవి తిండిగింజలు కావని తెలియడానికి ఎర్ర రంగు కలిపారు. సంచుల మీద హెచ్చరిక కూడా ముద్రించారు. అయితే ఆ హెచ్చరిక స్పానిష్, ఇంగ్లీషు భాషలలో ఉన్నది. కపాలం, అడ్డంగా రెండు ఎముకలు గల బొమ్మ ఉన్నది. ఆ పల్లెలలోని రైతులకు ఆ బొమ్మ ఏ భావమూ కలిగించలేదు. విత్తనాలు చాలా ఊళ్ళకు నాట్ల అదను దాటిన తరువాత చేరాయి. ఇంట్లో తిండి లేదు, ముంగిట గోధుమలున్నాయి. గింజలను కడిగారు; ఎర్ర రంగు నీళ్ళలో పోయింది. రంగుతో పాటు విషం కూడా పోయిందనుకున్నారు. కొందరు జాగ్రత్తపరులు ముందుగా కోళ్ళకు వేసి చూశారు. నాలుగు రోజులైనా వాటికి ఏమీ కాలేదు. రొట్టెలు చేసుకొని తిన్నారు.

ఇక్కడ రసాయన శాస్త్రాన్ని కొంచెం వివరించాలి. రంగు నీటిలో కరిగే పదార్థం. పాదరస సమ్మేళనం గింజను పట్టుకొని ఉండే పదార్థం. రంగు పోవడానికీ విషం పోవడానికీ ఏ సంబంధమూ లేదు. శరీరంలో ప్రవేశించిన మిథైల్ మెర్క్యురీ సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోని గంధకపు పరమాణువును అంటిపెట్టుకుంటుంది. ఆ జంట, మిథియొనిన్ అనే మరొక అమైనో ఆమ్లాన్ని పోలి ఉండడం చేత, మెదడు ద్వారపాలకులు దానిని ఆహారమనుకొని లోపలికి రానిస్తారు. లక్షణాలు వారాలు గడిచాక గాని బయటపడవు. 1971 డిసెంబరు నెలాఖరు నుంచి రోగులు ఆసుపత్రులకు రావడం మొదలైంది: వేళ్ళు తిమ్మిరెక్కడం, నడక తడబడడం, చూపు ఇరుకు కావడం. ఆసుపత్రులలో చేరినవారు 6,530 మంది. అక్కడ మరణించినవారు 459 మంది. ఆసుపత్రి దాకా రాలేనివారు ఈ లెక్కలో లేరు.

ఆ హెచ్చరికను అరబ్బీలోకి మాటకు మాట అనువదించి ఉంటే ఈ ఘోరం తప్పేదా? కొంత తప్పేదేమో గాని పూర్తిగా కాదని నా అభిప్రాయం. ఆ రైతుకు కావలసింది “విషము, భుజింపరాదు” అన్న వాక్యం ఒక్కటే కాదు. “కడిగినా పోదు. కోడికి పెట్టి చూసినా వెంటనే తెలియదు” అని చెప్పాలి. ఈ రెండు వాక్యాలు మూలంలో లేవు. యంత్రాలతో విత్తే మెక్సికో రైతు గింజలను కడిగి రొట్టె చేసుకుంటాడని మూలం రాసినవారు ఊహించలేదు. మూలంలో లేనిదానిని చేర్చే అధికారం అనువాదకునికి లేదు, అనుసరణకర్తకు ఉన్నది. మన భారత కవులు వ్యాసుని కథను మాటకు మాటగా తెలుగు చేయలేదు. తెలుగు శ్రోతను ఎదుట కూర్చోబెట్టుకొని కొన్నిచోట్ల పెంచారు, కొన్నిచోట్ల తగ్గించారు. చీటీ రాసేవాడు కవి కానక్కరలేదు గాని, వినేవాడిని ఎదుట కూర్చోబెట్టుకోవడం అతనికీ తప్పదు.

విదేశాలలో ఉన్న మనకు ఈ సమస్య ఇరాక్ అంత దూరంలో లేదు. వేసవిలో అమ్మానాన్నలు ఆరు నెలల మందులు పెట్టెలో సర్దుకొని వస్తారు. ఆ పెట్టెలోని మందుల పేర్లను ఇక్కడి దుకాణంలోని పేర్లతో పోల్చి చూడండి. అక్కడ పారాసెటమాల్ అన్నది ఇక్కడ అమెరికాలో ఎసిటమినోఫెన్. రెండు పేర్లూ పారా-ఎసిటైల్-అమైనో-ఫినాల్ అన్న ఒకే రసాయన నామం నుంచి పుట్టాయి. ఒకరు కొన్ని అక్షరాలు ఏరుకున్నారు, మరొకరు మరికొన్ని. సాల్బుటమాల్ ఇక్కడ ఆల్బ్యుటెరాల్. గ్లిబెన్‌క్లమైడ్ ఇక్కడ గ్లైబురైడ్. ఎడ్రినలిన్ ఇక్కడ ఎపినెఫ్రిన్. ఈ చివరిదానికి ఒక కథ ఉన్నది. జపాను రసాయన శాస్త్రజ్ఞుడు జోకిచి తకమినే 1901లో ప్రకటించిన ఆ పదార్థానికి పెట్టిన పేరు అమెరికాలో ఒక కంపెనీ వ్యాపార చిహ్నమైంది. అందుచేత అందరూ వాడుకొనే పేరుగా వేరొకటి వెతుక్కోవలసి వచ్చింది. ప్రపంచమంతటా ఒకే పేరు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన తొలి జాబితాను 1953లో ప్రచురించినా, అప్పటికే స్థిరపడిన కొన్ని పేర్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

పేరు వేరైతే మాత్రం ఏం నష్టమని అడగవచ్చు. ఒళ్ళు నొప్పులకు నాన్నగారు తన డోలో 650 రోజుకు నాలుగు వేసుకుంటున్నారనుకుందాం. అంటే 2,600 మిల్లీగ్రాములు. జలుబు చేసిందని మనం ఇక్కడి మందు ఒకటి కొని ఇస్తాం. దాని చీటీ మీద ఎసిటమినోఫెన్ అని ఉంటుంది. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. చీటీ చదివి, అది వేరే మందనుకొని, రెండూ వేసుకుంటారు. పెద్దలకు రోజుకు 4,000 మిల్లీగ్రాములన్న పరిమితి దాటడానికి ఎంతో దూరం లేదు. ఈ మందులో కొద్ది భాగం కాలేయంలో చురుకైన క్వినోన్ ఇమీన్‌గా మారుతుంది. మామూలు మోతాదులో గ్లూటాథయోన్ అనే పదార్థం దానిని పట్టుకొని నిర్వీర్యం చేస్తుంది. గ్లూటాథయోన్ నిల్వ అడుగంటితే ఆ క్వినోన్ ఇమీన్ కాలేయ కణాల ప్రోటీనులనే పట్టుకుంటుంది. భారతదేశం నుంచి వచ్చేవారి కోసం రాసే చీటీలో రెండు పేర్లూ పక్కపక్కన ఉండాలని అనడానికి కారణం ఇదే.

దీనికి విపర్యయం కూడా ఉన్నది: ఒకే వ్యాపార నామం, వేర్వేరు మందులు. 2006లో అమెరికా ఆహార, ఔషధ పాలనా సంస్థ ఈ విషయమై హెచ్చరిక జారీ చేసింది. ఆనాటికి ఫ్లోమాక్స్ అన్నది అమెరికాలో ప్రోస్టేటు బాధకు వాడే టామ్సులోసిన్. ఇటలీలో అదే పేరుతో వాపు తగ్గించే వేరొక మందు అమ్ముతున్నారు.

పేర్ల సంగతి అలా ఉండగా, అంకెలైనా విశ్వజనీనమేమో అనుకుంటాం. కావు. భారతదేశంలోనూ అమెరికాలోనూ రక్తంలోని చక్కెరను డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని కొలుస్తారు. బ్రిటన్, కెనడా, మలేషియా, దక్షిణాఫ్రికాలలో లీటరుకు ఇన్ని మిల్లీమోల్‌లని కొలుస్తారు. గ్లూకోజు అణుభారం 180 కనుక, మొదటి అంకెను 18తో భాగిస్తే రెండవది వస్తుంది. గుంటూరులో 126 అన్నది లండన్‌లో 7. “షుగరు 10 ఉంది” అని లండన్ నుంచి కొడుకు ఫోనులో చెబితే, గుంటూరులో తల్లికి ప్రాణం పోయినంత పనవుతుంది. ఆమె లెక్కలో అది అసంభవమైనంత తక్కువ. నిజానికది 180.

చక్కెర అంకెలో పొరపాటుకు ఆందోళన తప్ప వెంటనే ప్రమాదం లేకపోవచ్చు. ఇన్సులిన్ విషయం అలా కాదు. భారతదేశంలో బుడ్డీలలో విరివిగా దొరికే ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లది. అమెరికాలో మామూలుగా దొరికేది 100 యూనిట్లది. సిరంజి మీది గీతలు మిల్లీలీటర్లను కాక యూనిట్లను చూపిస్తాయి గనుక, ఏ ఇన్సులిన్‌కు ఆ సిరంజి వాడాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న 40 సిరంజితో ఇక్కడ కొన్న 100 ఇన్సులిన్‌ను 20వ గీత దాకా తీశారనుకోండి. అది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. కావలసినదానికి రెండున్నర రెట్లు! అదే తారుమారైతే, అంటే 100 సిరంజితో 40 ఇన్సులిన్ తీస్తే, 20 యూనిట్లకు బదులు 8 మాత్రమే వెళుతుంది. “ఉదయం 20 యూనిట్లు” అన్న వాక్యాన్ని ఎంత శుద్ధంగా తెలుగు చేసినా ఈ ప్రమాదం దానిలో కనబడదు. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ రంగు మూత ఉంటుందన్న ఒక్క వాక్యం అనువాదకుడు తనంతట తాను చేర్చవలసినది. తేదీల గొడవ అందరికీ తెలిసిందే. 03/04 అన్నది ఇక్కడ మార్చి, అక్కడ ఏప్రిల్. మందు గడువు తేదీలో నెల పేరును అక్షరాలలో రాస్తే పోతుంది.

ఇక మాటలు. న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో కంప్యూటర్లు తయారు చేసిన స్పానిష్ మందుల చీటీలను పరిశీలించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. చూసిన 76 చీటీలలో సగానికి దోషాలున్నాయి. కొన్ని చీటీలు సగం స్పానిష్, సగం ఇంగ్లీషుగా ఉన్నాయి. ఇంగ్లీషులో రోజుకు “వన్స్” అంటే ఒకసారి. అదే అక్షరక్రమం గల మాట స్పానిష్‌లో ఉన్నది, “ఓన్సే” అని చదువుతారు, పదకొండు అని అర్థం. అనువదించకుండా వదిలివేసిన ఆ ఒక్క మాట వల్ల రోజుకు ఒక మాత్ర పదకొండు మాత్రలు కాగలదు.

తెలుగులో మనకు ఇటువంటి మాటలు లేవా? మెథోట్రెక్సేట్ ఉదాహరణ చూద్దాం. యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాలలో రూపొందిన ఈ మందుతో మనకు ఒక బంధుత్వం ఉన్నది. కీళ్ళవాతానికి దీనిని వారానికి ఒకసారి మాత్రమే ఇస్తారు. రోజూ వేసుకుంటే ఎముకల మజ్జ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. ఈ పొరపాట్లు పదే పదే జరుగుతూండడం వల్ల ఐరోపా ఔషధ సంస్థ 2019లో ప్రత్యేక జాగ్రత్తలు సూచించింది. తెలుగులో “వారం” అంటే ఏడు రోజుల కాలమూ అవుతుంది, ఆ ఏడింటిలో ఒక రోజూ అవుతుంది. “ఇవాళ ఏ వారం?” అని అడిగే పెద్దలు ఇంకా ఉన్నారు. వారాలు చేసుకొని చదువుకున్న తరంవారికి వారమంటే రోజుకొక ఇంట భోజనం. అటువంటివారి కోసం “వారమునకు ఒక మాత్ర” అని రాయడం కన్న, “సోమవారం మాత్రమే ఒక మాత్ర. మిగిలిన ఆరు రోజులు వేసుకోకూడదు” అని రాయడం శ్రేయస్కరం. మూలంలో ఒక వాక్యం, ఇక్కడ రెండు. పొడవు పెరిగిందని అచ్చువారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

“పరగడుపున” అన్నది నాకు ఎంతో ఇష్టమైన తెలుగు మాట. ఖాళీ కడుపుతో అన్నదానికి ఇంతకన్న చక్కని పలుకుబడి దొరకదు. అయినా దానిని వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. పరగడుపు అంటే తెల్లవారి ఏమీ తినకముందు అనే అర్థం. భోజనానికి రెండు గంటల తరువాత, మధ్యాహ్నం, ఖాళీ కడుపున వేసుకోవలసిన మందుకు ఆ మాట చెల్లదు. రెండవది కాఫీ. మన ఇళ్ళలో కాఫీ తాగినంత మాత్రాన పరగడుపు పోయినట్లు చాలామంది భావించరు. థైరాయిడ్ లోపానికి వాడే లీవోథైరాక్సిన్ విషయంలో కాఫీయే అడ్డు. అది మందును పేగు గ్రహించకుండా తగ్గిస్తుంది. ఇంగ్లీషు కరపత్రంలో “ఉపాహారానికి అరగంట నుంచి గంట ముందు” అని ఉంటే, తెలుగు కరపత్రంలో “కాఫీ, టీ, పాలు కూడా తాగకముందు, మంచినీళ్ళతో” అని ఉండాలి. ఇది అనువాదం కాదు, మన వంటింటిని ఎరిగి రాసిన వాక్యం.

బొమ్మలు, గుర్తులు ఉంటే భాషతో పని లేదని ఒక వాదం ఉన్నది. ఐక్యరాజ్యసమితి 2003లో రసాయనాల హెచ్చరికలకు ప్రపంచమంతటా ఒకే తీరు ప్రవేశపెట్టింది. అమెరికాలోని పనిచోట్లకు ఆ నియమాలు 2012లో వచ్చాయి. ఆ పద్ధతిలో 1వ తరగతి అంటే అత్యంత ప్రమాదకరం. అదే అమెరికాలో అగ్నిమాపకదళం కోసం భవనాల మీద, పీపాల మీద అంటించే నాలుగు గళ్ళ వజ్రాకారపు గుర్తులో 4 అంటే అత్యంత ప్రమాదకరం, 0 అంటే అపాయం లేదు. రెండు గుర్తులూ ఒకే గదిలో ఉంటాయి. ప్రయోగశాలలో కొత్తగా చేరిన విద్యార్థులకు నేను మొదటి రోజున చెప్పే పాఠం ఇదే.

మన ఊళ్ళకు వెళదాం. భారతదేశంలో పురుగు మందుల డబ్బా మీద వజ్రాకారపు గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులలో ఒకటి విష తీవ్రతను సూచిస్తుంది. ఎరుపు అతి తీవ్రం, ఆకుపచ్చ అన్నిటికన్న తక్కువ. కపాలం బొమ్మ ఎరుపు తరగతికి మాత్రమే. పచ్చదనమంటే చేను కళకళలాడడమనే భావం గల సమాజంలో ఆకుపచ్చ రంగు “తక్కువ విషం” అని కాక “మేలు” అని పలుకుతుంది. దీనికి తోడు మన భాషలో రోగానికి వేసేదీ మందే, పురుగుకు కొట్టేదీ మందే, సీసాలో పోసి అమ్మే సారా కూడా మందే. “మందు జాగ్రత్తగా వాడండి” అన్న వాక్యం ఈ మూడింటికీ సరిపోతుంది, అంటే దేనికీ సరిపోదు. పురుగు మందు డబ్బా మీద “విషం” అన్న మాటను వదలి “మందు” అనకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ డబ్బాతో వచ్చే కరపత్రాన్ని ఒకసారి విప్పి చదవండి. తెలుగు ఉంటుంది, కాని మోతాదు హెక్టారుకు ఇంత అని ఉంటుంది. హెక్టారుతో లెక్కపెట్టే తెలుగు రైతు ఎక్కడున్నాడు? ఉదాహరణకు హెక్టారుకు 150 మిల్లీలీటర్ల మందు, 500 లీటర్ల నీరు అని ఉందనుకుందాం. హెక్టారు రమారమి రెండున్నర ఎకరాలు. ఎకరానికి 60 మిల్లీలీటర్లు, 200 లీటర్ల నీరు. రైతు వీపున మోసే ట్యాంకు 16 లీటర్లదైతే, ఎకరానికి పన్నెండున్నర ట్యాంకులు, ఒక్కొక్క ట్యాంకుకు సుమారు 5 మిల్లీలీటర్లు. ఈ చివరి అంకె ఒక్కటే ఆ రైతుకు కావలసినది, కరపత్రంలో లేనిది అదే. లెక్క తెగక అతడు డబ్బా మూతతో కొలుస్తాడు. మూత ఎన్ని మిల్లీలీటర్లదో కరపత్రం చెప్పదు.

ఇక ఎకరం లోపలి కొలతలకు తెలుగు ఒక్కటి కాదు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. ఆంధ్రప్రదేశ్‌లో 100 సెంట్లు. పది గుంటల మడీ, పాతిక సెంట్ల మడీ ఒకటే; రెండింటికీ 15 మిల్లీలీటర్లు, సుమారు మూడు ట్యాంకులు. “గుంట” అన్న మాటను కోస్తా రైతు గొయ్యి అనుకుంటాడు. రోగలక్షణాల పేర్లూ అంతే. ఒకచోట జలుబు, మరొకచోట సర్ది. ఒకచోట ఆయాసం, మరొకచోట దమ్ము. పురుగు మందు ఒంటికి పట్టినప్పుడు ముందుగా కనిపించే లక్షణాలను రాసేటప్పుడు “శ్వాసక్రియలో అవరోధము” అని రాస్తే ఏ ప్రాంతం వారికీ అందదు. “ఆయాసం, దమ్ము” అని రెండు మాటలూ వేస్తే ఖర్చు ఒక్క మాటదే. ప్రామాణిక భాష అనే గౌరవం కోసం ఒక ప్రాంతపు మాటను తీసివేయడం పుస్తకాలలో చర్చనీయాంశమైతే కావచ్చు. విషం డబ్బా మీద దానికి తావు లేదు.

రాసినది పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి మార్గం ఉన్నది. మందు పెట్టెలలోని కరపత్రాలను రోగుల చేత చదివించి పరీక్షించాలని ఐరోపా సమాజం 2004 నాటి శాసనంలో నిబంధన చేర్చింది. మార్గదర్శకాల ప్రకారం నూరింట 90 మందికి కావలసిన విషయం కరపత్రంలో దొరకాలి, దొరికినవారిలో నూరింట 90 మందికి అది బోధపడాలి. మంచి పద్ధతి. కాని సాధారణంగా ఈ పరీక్ష ఒక్క భాషలో జరిగితే చాలునన్నారు. మిగిలిన భాషలలోకి అనువాదమే. ఎక్కడ జారిపడే అవకాశం ఎక్కువో అక్కడే కొలత ఆపివేశారని నాకనిపిస్తుంది.

మన సంఘాలు ఆరోగ్య శిబిరాలు జరుపుతాయి, కరపత్రాలు తెలుగు చేయిస్తాయి. అచ్చుకు పంపేముందు వేర్వేరు జిల్లాల నుంచి వచ్చిన పదిమంది పెద్దల చేత చదివించడం కష్టమైన పని కాదు. వేసవిలో ప్రతి ఇంటా ఒకరుంటారు. వారిని “అర్థమైందా అండీ?” అని మాత్రం అడగకండి. రాసినవారిని నొప్పించడం ఇష్టం లేక “అర్థమైంది బాబూ” అంటారు. “అత్తయ్యగారూ, ఈ మాత్ర రేపు ఎప్పుడు వేసుకుంటారు? దానికి ముందు ఏం తాగుతారు?” అని అడగండి. సిరంజి చేతికిచ్చి “ఎంతవరకు తీస్తారో చూపించండి” అనండి. ఆవిడ వేలు ఏ గీత మీద ఆగిందో చూసి, ఆ వాక్యాన్ని తిరగరాసి, మరొక పదిమందికి చూపించండి.